రాసిన పుటను మర్నాడే కొట్టివేయకుండా ముందుకు సాగడం ఎలా?

తోటి రచయితలకు నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకున్న నేను, 1936లో మా పట్టణం ఒడిశాలో చేరిన కాలం నేపథ్యంగా, మా నాయనమ్మ చెప్పిన సంగతులతో రెండేళ్లుగా ఒక నవల రాస్తున్నాను.

రాత్రి రాసేటప్పుడు మహేంద్రతనయ నది ఒడ్డున మనుషులు మాట్లాడుకుంటున్నట్టే వినిపించిన వాక్యాలు, తెల్లవారి చదివితే అటు తెలుగూ ఇటు ఒడియా కానట్టు తోచి, వాటిని కొట్టివేస్తున్నాను. మొదటి అధ్యాయాన్నే ఇలా ఏడుసార్లు తిరగరాశాను. వాడుక భాష కోసం పోరాడి, సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా పనిచేసింది మా ఊళ్లోనే అని తెలిసినా, కలం పట్టగానే ఆ ధైర్యం నిలవడం లేదు. నాయనమ్మ మాటను దిద్దితే ఆమె గొంతు పోతుంది. దిద్దకపోతే పాఠకులు తప్పులెంచుతారేమోనన్న భయం.

చిత్తుప్రతి పూర్తయ్యేదాకా వెనక్కి తిరిగి చదవకుండా ఉండడం మీలో ఎవరికైనా సాధ్యమైందా? నా సందేహం భాషను గురించినదా, నా శక్తిని గురించినదా అన్నది ఎలా తేల్చుకోవాలి? సగంలో ఉన్న రచనను మరొకరికి చూపడం మీకు మేలు చేసిందో, కీడు చేసిందో దయచేసి తెలుపగలరు.