కుందేలు పిల్లని ఇంట్లో అలవాటు చేయడం ఎలా అండి? మంచం మీదే పోస్తోంది

అంబాజీపేట_ఇల్లాలు:
అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా పాప గోల పడలేక మావారు నెల కిందట రాజమండ్రి నుంచి ఓ కుందేలు పిల్లని తెచ్చారు. తెల్లది, ఎర్ర కళ్లు. మూడు నెలలది, ఆడపిల్ల అని చెప్పి అమ్మారు. మొదట వసారాలో కోళ్లగంప కింద పెట్టాం గానీ వీధి పిల్లులు చుట్టూ తిరుగుతున్నాయని లోపలికి తెచ్చేశాం. అప్పట్నుంచి ఒకటే తిప్పలు. రోజూ మంచం మీద, అదీ నా తలగడ వైపే పోస్తుంది. వైఫై వైరు రెండుసార్లు కొరికింది, ఛార్జరు ఒకటి పోయింది. పాప ఎత్తుకోబోతే గీరేసి బీరువా కిందకి దూరిపోతుంది, ఇంక సాయంత్రం దాకా రాదు. అర్ధరాత్రి ఎవరో తలుపు కొట్టినట్టు కాళ్లతో ధన్ ధన్‌మని నేలమీద కొడుతుంది. క్యారెట్, క్యాబేజీ, అన్నం, మారీ బిస్కెట్ పెడుతున్నాం. "చెవులపిల్లి ఎక్కడైనా ఇంట్లో ఉంటుందా, కొబ్బరితోటలో వదిలేయండి, అదే బతుకుతుంది" అంటారు మా అత్తయ్యగారు. కుక్కపిల్లకి నేర్పినట్టు దీనికి నేర్పడం కుదురుతుందా? ఎండాకాలం కూడా వచ్చేస్తోంది, అదో టెన్షన్.

కాలవగట్టు_తణుకు:
ముందు మీ అత్తయ్యగారి మాట సంగతి చూద్దాం. తోటలో మాత్రం వదలకండి. మన చేలల్లో తిరిగే చెవులపిల్లి వేరు, ఇది వేరు. అది పుట్టడమే కళ్లు తెరుచుకుని, ఒంటి నిండా బొచ్చుతో పుడుతుంది, బయట బతకడానికే పుట్టింది (దాన్ని పట్టుకోవడం, పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా). మీ దగ్గరున్నది యూరప్‌లో బొరియల్లో ఉండే కుందేలు నుంచి మనుషులు తయారు చేసుకున్న పెంపుడు జాతి, పైగా తెల్లది, పచ్చటి తోటలో దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. కుక్కో ముంగిసో రెండో రోజే ఎత్తుకుపోతుంది.

ఇక మంచం సంగతి. రోజూ ఒకే చోట పోస్తోంది అన్నారు చూశారా, అది నిజానికి శుభవార్త. కుందేలుకి ఓ మూల ఎంచుకుని అక్కడే పోసే అలవాటు పుట్టుకతోనే ఉంటుంది, మనం నేర్పేదల్లా ఆ మూల ఎక్కడో చెప్పడమే. ఇల్లంతా ఒకేసారి వదిలేశారు కాబట్టి దానికి మీ మంచం మెత్తగా, మీ వాసనతో, అన్నిటికంటే బాగుంది. ఓ గదిలో మూల చూసి నాలుగడుగులు నాలుగడుగులు అడ్డం కట్టండి, పాత ఇనప మెష్ అయినా చాలు. అందులో గిన్నెలు తోమే వెడల్పాటి టబ్బు పెట్టండి, అది పూర్తిగా లోపల కూర్చుని వెనక్కి తిరిగేంత ఉండాలి, చిన్న ట్రేలు దండగ. అడుగున నాలుగు పొరలు న్యూస్‌పేపరు, పైన ఎండుగడ్డి. అది పోసిన గుడ్డముక్క ఒకటి, బయట ఏరిన పెంటికలు గుప్పెడు అందులోనే వేయండి. తినే గడ్డిని టబ్బు పక్కనే, తల తిప్పితే అందేలా కట్టండి. ఇదే అసలు కిటుకు, ఎందుకంటే కుందేలు తింటూనే పోస్తుంది, తిండి ఒక చోట దొడ్డి ఒక చోట పెడితే ఎన్నాళ్లయినా నేర్చుకోదు.

రోజూ మార్చండి గానీ పాతది కొంచెం వదలండి, పూర్తిగా కడిగేస్తే తన చోటే కాదనుకుంటుంది. మంచం మీద మాత్రం వెనిగర్ నీళ్లతో తుడిచి వాసన పోగొట్టండి. మీ వైపు కొబ్బరి పొట్టు కావలసినంత దొరుకుతుంది కదా అని టబ్బులో పోయకండి, నేను పోసి చూశాను, కాళ్లకి అంటించుకుని వంటింటి దాకా తెచ్చింది. ఊక కూడా వద్దు, దుమ్ముకి తుమ్ములు పట్టుకుంటాయి. వారం పది రోజులు వరసగా టబ్బులోనే పోస్తే అప్పుడు అడ్డం తీసి గది మొత్తం ఇవ్వండి, తర్వాత ఇంకో గది. నాలుగు పెంటికలు బయట పడితే పట్టించుకోకండి, అది "ఈ గది నాది" అని చెప్పడం.

కొట్టడం, ముక్కు మీద వేలితో తట్టడం అస్సలు వద్దు. కుక్క అయితే యజమాని కోప్పడ్డాడు అనుకుంటుంది, ఇది మాత్రం మిమ్మల్ని పిల్లి లెక్కలో వేసేస్తుంది. రాత్రి కాళ్లతో కొట్టేది కూడా అదే, ఏదో చప్పుడో వాసనో వచ్చి భయపడి, ప్రమాదం అని చెబుతోంది. కిటికీ కింద పిల్లులు తిరుగుతున్నాయేమో చూడండి.

గోదారి_గాలి:
ఇంత తతంగం ఎందుకండీ, పంజరంలో పెట్టి తలుపు వేసేస్తే వైర్లూ మిగులుతాయి, పరుపూ మిగులుతుంది.

కాలవగట్టు_తణుకు:
మిగులుతాయి, కుందేలే మిగలదు. అడుగున ఇనప జాలి ఉన్న పంజరాల్లో అరికాళ్లు పుండ్లు పడతాయి, పరిగెత్తే జాగా లేకపోతే ఒళ్లు వచ్చి కడుపు ఆడటం తగ్గుతుంది. రాత్రి పడుకోవడానికి పంజరం ఉండొచ్చు, తలుపు తీసి ఉన్న గూడులాగా.

దాళ్వా_రైతు:
నేను తిండి గురించే చెబుతాను, మిగతాది పైన బాగా చెప్పారు. అన్నం, బిస్కెట్ ఈరోజే ఆపేయండి. క్యాబేజీ కూడా ఎక్కువ పెడితే గ్యాస్. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. తినేదాంట్లో నూటికి ఎనభై వంతులు గడ్డే ఉండాలి. ఊళ్లో దొరికేవాటిలో గరిక మేలు, వినాయకచవితికి కోసే గరికే. కానీ ఎక్కడ కోస్తున్నారో చూసుకోండి. దాళ్వా (రబీ వరి) చేల గట్ల మీద అస్సలు కోయొద్దు, ఈ రోజుల్లో కలుపు మందు కొట్టని గట్టు ఏదో చెప్పలేం. మీ పెరట్లోనో, కొబ్బరి చెట్ల కింద మందు కొట్టని చోటో కోసి, కడిగి, నీడన ఆరబెట్టి పెట్టండి. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలు ఇంట్లో ఉంటే అందకుండా పెట్టండి, వాటిమీద ఏ మందు కొట్టి ఉంటారో తెలియదు, పైగా గన్నేరు లాంటివి ఒట్టి విషం.

ఎండు వరిగడ్డిలో బలం తక్కువ, దానిమీదే బతకలేదు గానీ పంటికి పని, కడుపుకి పీచు ఇస్తుంది. అది కూడా దాళ్వా గడ్డి అయితేనే, ఎండలో కోసి ఎండలో ఆరింది కాబట్టి. సార్వా (ఖరీఫ్) గడ్డి తుఫాను వానలో నానితే మేటు లోపల బూజు పడుతుంది. ఆవు తిన్నా కుందేలు తట్టుకోలేదు. చేత్తో దులిపితే తెల్లటి పొడి రాలినా, ముక్కిన వాసన వచ్చినా పారేయండి. డబ్బులుంటే ఆన్‌లైన్‌లో టిమోతీ గడ్డి తెప్పించి గరికతో కలిపి పెట్టండి. కొత్తిమీర, పుదీనా, తులసి రోజూ గుప్పెడు. మునగాకు ఇష్టంగా తింటుంది గానీ సున్నం ఎక్కువ, వారానికోసారి చాలు. క్యారెట్, అరటిపండు అంటే మనకి జీడిపప్పు పాకం లెక్క, బొటనవేలంత ముక్క, అదీ పిలిస్తే వచ్చినప్పుడు మాత్రమే. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. ఏదైనా కొత్తది మొదలుపెడితే ఒకటొకటిగా, కొంచెం కొంచెంగా.

కాంపౌండరు_బాబాయి:
పశువుల ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యానమ్మా, కుందేళ్లు తక్కువే చూశాను కానీ తప్పులు ఎక్కువ చూశాను. అందుకే నాలుగు ముక్కలు. ఒకటి, పూట తినకపోతే "రేపు చూద్దాం" అనకు, పన్నెండు గంటలు తినకుండా, పెంటిక వేయకుండా ఉందంటే పేగు ఆగిపోతోందన్నమాట, అర్ధరాత్రయినా డాక్టర్ని పట్టుకోవాలి. అమాక్సిసిలిన్, పెన్సిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే కడుపులో మంచి క్రిములు చచ్చి ప్రాణం మీదకి వస్తుంది, కాబట్టి ఇంట్లో ఉన్న టానిక్‌లేవీ తాగించకు. కుక్కలకి పేలకి వేసే ఫిప్రోనిల్ చుక్క కుందేలుకి వేస్తే బతకదు. ఇది నా కళ్ల ముందే జరిగింది, పెట్టినవాళ్లకి తెలియదు, ఇచ్చినవాళ్లు చెప్పలేదు.

ఎత్తుకోవడం గురించి. చెవులు పట్టి లేపకూడదని అందరికీ తెలుసు, వెనక కాళ్ల కింద చెయ్యి పెట్టాలని మాత్రం ఎవరికీ తెలియదు. గాల్లో కాళ్లు కొట్టుకుంటే దాని వెన్నెముక దానంతటదే విరగొచ్చు. పాపని నేలమీదే కూర్చోబెట్టు, కొత్తిమీర రెమ్మ పట్టుకుని పుస్తకం చదువుకోమను, కుందేలు వైపు చూడకూడదు కూడా. అదే వచ్చి వాసన చూస్తుంది, గడ్డం రుద్దుతుంది. రుద్దిందంటే పాపని తన సొత్తుగా రాసుకుందన్నమాట. పళ్లు మెల్లగా టకటకలాడిస్తే హాయిగా ఉందని, గట్టిగా కొరుకుతూ ముడుచుకు కూర్చుంటే నొప్పని. తెల్లారుజామున ద్రాక్షగుత్తిలాంటి మెత్తటి పెంటికలు అదే తింటుంటే అసహ్యపడి ఆపకు, వాటిలోనే విటమిన్లు ఉంటాయి.

ఇంకోటి, అది ఆడదో మగదో ఎవరికైనా చూపించు. కాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతూ, గోడలమీద చిమ్ముతూ ఉంటే మగపిల్లాడే కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చిమ్మడం చాలావరకు తగ్గుతుంది. ఆడదైతే తప్పకుండా చేయించు, వయసు మళ్లాక గర్భసంచి క్యాన్సర్ వాటికి చాలా ఎక్కువ. ఆపరేషన్ ముందు కుక్కలకి చెప్పినట్టు "రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు" అంటే ఒప్పుకోకు, కుందేలు వాంతి చేసుకోలేదు, పస్తు పెడితేనే ప్రమాదం. అసలు ఆ మాట అన్నారంటే కుందేళ్లకి చేసి అలవాటు లేదన్నమాట, ఇంకొకర్ని వెతుక్కో.

అంబాజీపేట_ఇల్లాలు:
అందరికీ చాలా థ్యాంక్సండి. బాబాయిగారూ, చూపిస్తే మగపిల్లాడే! మూడు వారాల నుంచి "లక్ష్మీ" అని పిలుస్తోంది పాప, ఇప్పుడు మార్చనంటోంది. టబ్బు పెట్టాం, నాలుగో రోజు నుంచి అందులోనే పోస్తోంది, సారీ, పోస్తున్నాడు. కానీ నిన్న పొద్దున ఎర్రగా పోశాడు, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

కాంపౌండరు_బాబాయి:
నిన్న ఏం పెట్టావమ్మా?

అంబాజీపేట_ఇల్లాలు:
బీట్‌రూట్ తొక్కలు...

కాంపౌండరు_బాబాయి:
ఆయ్. అదే. బీట్‌రూట్ తినకపోయినా ఒక్కోసారి నారింజ రంగులో వస్తుంది, ఆకుల్లోని రంగు అది. తింటూ ఎగురుతూ ఉంటే కంగారొద్దు. ముక్కుతూ పోసినా, రక్తపు చారలు కనిపించినా మాత్రం వెంటనే తీసుకెళ్లు.

కాలవగట్టు_తణుకు:
ఎండల గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. ముప్పై డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, మన దగ్గర రోహిణి కార్తెలో ఎంత ఉంటుందో మీకు తెలుసు, పైగా ఉక్క. దానికి చెమట పట్టదు, చెవుల ద్వారానే వేడి పోవాలి, కాబట్టి ఉత్త ఫ్యాన్ గాలి పెద్దగా పని చేయదు. రెండు లీటర్ల సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి పాత పంచెలో చుట్టి పక్కన పెట్టండి, కరెంటు పోయే రోజుల్లో అవే దిక్కు. పెద్ద మట్టి కుండ ఒకటి పడుకోబెట్టి పైన తడిగుడ్డ వేస్తే లోపలికి దూరి పడుకుంటుంది. వేలు తడిపి చెవులకి రాయొచ్చు, స్నానం మాత్రం చేయించకండి. టైల్స్ మీద కాళ్లు జారుతుంటే గోనె సంచులు పరవండి, జారే నేల మీద భయపడి మూల నుంచి కదలదు. వర్షాలు మొదలయ్యాక రోజూ ఒకసారి తోక కింద చూడండి, తడిగా మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులో పురుగు పట్టేస్తుంది.

అంబాజీపేట_ఇల్లాలు:
రెండు నెలలయ్యింది, చెబుదామని వచ్చాను. లక్ష్మి ఇప్పుడు హాలంతా వాడిదే. వైర్లన్నీ మావారు పీవీసీ పైపుల్లోకి తోసేశారు, కొరకడానికి జామ కొమ్మలు పడేస్తున్నాం. పాప గ్లాసు మీద స్పూనుతో రెండుసార్లు కొడితే ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు, వచ్చాక కొత్తిమీర ఇవ్వకపోతే కాలు కొట్టి వెళ్లిపోతాడు. నా తలగడ జోలికి రావడం లేదు. మా అత్తయ్యగారు మాత్రం ఇంకా "చెవులపిల్లి" అనే అంటారు గానీ మధ్యాహ్నం కరెంటు పోతే కుండ మీద గుడ్డ తడిపేది ఆవిడే. ఆపరేషన్ వచ్చే వారం. డాక్టరుగారు పస్తు పెట్టొద్దని ఆయనే చెప్పారు.