గుమ్మం దగ్గర గోడకు ప్యానెలింగ్, చెప్పులకు బెంచీ సొంతంగా చేసుకోవాలనుంది. సలహా చెప్పండి

మదనపల్లె కోడలు (హోరమావు, బెంగళూరు):

అందరికీ నమస్కారం. మాది గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు బెడ్‌రూముల ఇల్లు. మా లేఅవుట్ రోడ్డుకు ఇంకా తారు పడలేదు. నాలుగు చినుకులు పడితే చాలు, బండి దిగి గుమ్మం దాకా వచ్చేసరికి చెప్పుల కింద ఎర్రమట్టి అట్టకడుతుంది. తలుపు తీయగానే నాలుగున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న ప్యాసేజీ. నలుగురి చెప్పులు, రెండు హెల్మెట్లు, రెయిన్‌కోట్లు, బాబు స్కూలు బ్యాగు అన్నీ అక్కడే కుప్పగా పడి ఉంటాయి.

మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. చెప్పులు వేసుకునేటప్పుడు ఎడమచెయ్యి గోడకు ఆనిస్తారు. రోజూ అదే చోటు. నాలుగు వేళ్లు, అరచెయ్యి విడివిడిగా తెలిసేలా అక్కడ మరక పడింది. రంగు వేయించినా మళ్లీ వచ్చింది. పోయిన నెల తడి టైలు మీద కాలు జారితే ఆ గోడనే పట్టుకుని నిలబడ్డారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఆవిడ హాయిగా కూర్చుని చెప్పులు వేసుకోవాలి, చుట్టూ సామాను కాలికి అడ్డం రాకూడదు.

నా ఆలోచన ఇది: గోడకు నాలుగడుగుల ఎత్తు వరకు ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసే పలక) ప్యానెలింగ్, దాని ముందు డబ్బాలాంటి బెంచీ, లోపల చెప్పులు, పైన హుక్కులు. డ్రిల్లు ఉంది, వంటింట్లో అరలు నేనే బిగించుకున్నాను. రెండేళ్ల కిందట కొన్న రెడీమేడ్ చెప్పుల స్టాండు ఒక్క వానాకాలానికే అడుగున ఉబ్బి తలుపులు పడటం మానేశాయి. అందుకే ఈసారి సొంతంగా చేద్దామని.

ఇంకొకటి. ఆ గోడకు కింద అడుగు ఎత్తు వరకు పెయింటు పొక్కులు లేచాయి. గోరుతో గీకితే తెల్లటి పొడి రాలుతుంది. ప్యానెల్ వేస్తే అదీ కనిపించకుండా పోతుంది కదా?

ఆదివారం వడ్రంగి (వైట్‌ఫీల్డ్):

అమ్మా, ఆ చివరి మాట దగ్గరే ఆగండి. ఆ తెల్లపొడి గోడలోని ఉప్పు. లోపల నీళ్లు కదులుతుంటేనే అది పైకి వస్తుంది. దాని మీద చెక్క కొడితే తడి ఎటూ పోలేక చెక్కలోకే పోతుంది. బూజు పడుతుంది, తర్వాత చెదలు వస్తాయి, మీకు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. మా ఇంట్లో టీవీ గోడ దగ్గర నేను ఇదే పొరపాటు చేశాను. విప్పినప్పుడు వెనక పలక అరటిపండులా మెత్తబడి ఉంది.

ముందు ఒక పరీక్ష చేయండి. అడుగున్నర చదరం పల్చటి ప్లాస్టిక్ కవరు తీసుకుని, గాలి దూరకుండా నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించండి. రెండు రోజుల తర్వాత చూడండి. కవరుకు గోడవైపు నీటి బొట్లుంటే తడి గోడలోంచి వస్తోంది. బయటివైపు చెమర్చితే అది గదిలో గాలి తేమ. ఆ గోడ వెనక ఏముంది? బాత్రూమా?

గోడ ఆరాక చెక్క సంగతి. మామూలు ఎండీఎఫ్ గుమ్మం దగ్గర వద్దు. ఒకసారి నీళ్లు పీల్చి ఉబ్బితే మళ్లీ మామూలుగా అవదు. ప్లైవుడ్ కొంటే ఐఎస్ 710 (నీళ్లకు ఆగే రకం) ముద్ర చూసి తీసుకోండి. ఎంఆర్ అని రాసి ఉన్నది గాలి తేమకు ఆగుతుంది కానీ నీళ్లకు ఆగదు. షాపులో ఆ తేడా చాలామంది చెప్పరు. కొలతలు రాసుకుని వెళితే ప్లైవుడ్ షాపులోనే మిషన్ మీద కోసి ఇస్తారు, ఇంట్లో రంపంతో అవస్థ ఉండదు. పలకకు ముందువైపు లామినేట్ (పైన అంటించే పల్చటి షీటు) వేసి వెనక వదిలేస్తే వంగుతుంది, వెనక కూడా పల్చటిది అంటించండి.

గోడకు నేరుగా కొట్టకుండా ముప్పావు అంగుళం రీపర్లు (సన్నటి చెక్క బద్దలు) నిలువుగా, 16 అంగుళాలకొకటి బిగించండి. అడ్డంగా వేస్తే గాలి కదలదు. ప్యానెల్ పైన అర అంగుళం సందు వదలండి, కింద కూడా మూయకండి. కింది అంచు నేలకు నాలుగంగుళాలు ఎత్తులో ఉండాలి. గడప కడిగి ముగ్గు పెట్టే ఇల్లు కదా, ఆ నీళ్లు రోజూ తగులుతాయి.

డ్రిల్లు పెట్టినప్పుడు రాలే పొడి రంగు చూడండి. ఎర్రగా వస్తే ఇటుక. బూడిదరంగులో వచ్చి బిట్టు కష్టంగా దిగితే సాలిడ్ బ్లాక్ (గట్టి సిమెంటు బ్లాకు), మామూలు నైలాన్ ప్లగ్గు (స్క్రూ పట్టు కోసం రంధ్రంలో పెట్టే గొట్టం) చాలు. తెల్లగా, పిండిలా సులువుగా వస్తే తేలిక బ్లాకు. దానికి వేరే ప్లగ్గులుంటాయి, మామూలువి కొన్నాళ్లకు వదులైపోతాయి. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైన, కింద మాత్రం రంధ్రం పెట్టకండి, వైరు పైపులు అటే వెళతాయి.

కడప బండ (కేఆర్ పురం):

అక్కా, బెంచీకి చెక్క ఎందుకు? మన కడప బండ వేయించండి. మా నాన్న బండల పనే చేసేవారు, మా ఊళ్లో వంటింటి అరలన్నీ అవే. నీళ్లకు ఉబ్బదు, చెద పట్టదు. సిమెంటు బ్లాకులతో చిన్న దిమ్మెలు కట్టి, పైన ఒక బండ, మధ్యలో ఇంకోటి. బండ వంగదు, మధ్యలో ఆసరా లేకపోతే విరుగుతుంది కాబట్టి నాలుగున్నర అడుగుల బెంచీకి మూడు దిమ్మెలు పెట్టండి, రెండు చాలవు. ముందంచు గుండ్రంగా తిప్పించండి, పిల్లాడు పరిగెత్తేచోటు. నున్నటి పాలిష్ వద్దు, తడిస్తే జారుతుంది. ముందు తలుపులు పెట్టకుండా తెరిచే ఉంచితే చెప్పులు గాలికి ఆరతాయి, వాసన రాదు.

లోతు 15 అంగుళాలు చాలు. పెద్దవాళ్ల బూటు పొడవు మామూలుగా 12 అంగుళాలకు అటూఇటుగా ఉంటుంది. మీ ప్యాసేజీ 54 అంగుళాలు కాబట్టి ఇంకా 39 మిగులుతుంది, ఫ్రిజ్ లోపలికి తేవాలన్నా ఇబ్బంది ఉండదు.

మారతహళ్లి సిస్టర్:

నేను ఆసుపత్రిలో నర్సును. మీ అత్తయ్యగారి చెయ్యి మరక చెరిపేయకండి. ఆవిడకు ఊతం ఎక్కడ కావాలో అది చూపిస్తోంది. సరిగ్గా అక్కడే స్టీలు పట్టుడు కమ్మీ పెట్టించండి. ప్యానెల్‌కు కాదు, ప్యానెల్ దాటి గోడలోకి దిగే యాంకర్ బోల్టులతో. మనిషి బరువంతా దాని మీదే పడుతుంది.

బెంచీ ఎత్తు 18 అంగుళాలకు తగ్గకూడదు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు కిందికి కూర్చుంటే లేవడమే కష్టం. ముందు ఆవిడను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, సులువుగా లేవగలుగుతున్నారో లేదో చూసి ఆ ఎత్తు కొలుచుకోండి.

మదనపల్లె కోడలు:

ఇన్ని వివరాలు చెప్పినందుకు మీ అందరికీ చాలా థాంక్స్. రెండు నెలల తర్వాత రాస్తున్నాను. కవరు పరీక్ష చేశాను. గోడవైపే బొట్లు, వేలితో తుడిస్తే ధారగా జారాయి. వెనక ఉన్నది బాత్రూమే. నేల టైళ్ల సందుల్లో సిమెంటు పోయి, అక్కడి నుంచి నీళ్లు దిగుతున్నాయి. సందులన్నీ గీకించి ఎపాక్సీ (నీళ్లు దిగకుండా సందుల్లో నింపే గట్టి జిగురు) పెట్టించాం. ఇటువైపు పొక్కులున్న పూత కొట్టేసి, ఆరు వారాలు ఫ్యాను పెట్టి గోడను వదిలేశాను. ఆ ఆరు వారాలు ఆగడమే నాకు కష్టమైంది. మళ్లీ కవరు అంటిస్తే ఈసారి పొడిగా ఉంది.

కడప బండ తమ్ముడూ, నీ మాటే నెగ్గింది. మూడు దిమ్మెలు, రెండు బండలు. కింద తడి చెప్పులు, మధ్యలో ఆరినవి. అత్తయ్యకు 19 అంగుళాల ఎత్తు సరిపోయింది. రీపర్లు, ప్లైవుడ్ ప్యానెల్ నేనే బిగించాను. పొడి బూడిదరంగులోనే వచ్చింది, సాలిడ్ బ్లాకే. కమ్మీకి మాత్రం పనివాడిని పిలిపించాను, దాంట్లో ప్రయోగాలు వద్దనిపించింది. ప్యానెల్ వేసే ముందే మరక ఎత్తు కొలిచి రాసుకున్నాను. నేల నుంచి 41 అంగుళాలు. అత్తయ్య మొదటి రోజు చూడకుండానే చెయ్యి చాపారు, కమ్మీ అందింది.

హుక్కులు ఈ ఆదివారం. పెద్దవాళ్లవి ఐదున్నర అడుగుల దగ్గర. బాబు తన బ్యాగు తనే తగిలించుకుంటానని గోడకు ఆనుకుని నిలబడి పెన్సిలుతో గీత గీశాడు. అది 38 అంగుళాల దగ్గరుంది. అక్కడే పెడుతున్నాను.