బాధ్యత చూసి మదుపు చేయడం రాజకీయమేనా?

ప్రశ్న (రాయగడ): ఒడిశాలోని నియమగిరి కొండల పక్కన పుట్టినవాణ్ణి కనుక, నా పొదుపు కొండలను తవ్వే కంపెనీలకు చేరకూడదని మ్యూచువల్ ఫండ్ మార్చబోతే, అది మదుపు కాదు, రాజకీయమని మా బావగారు అంటున్నారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

జవాబు (గుణుపురం): రాజకీయమైతే మాత్రం తప్పేమిటండీ? పర్యావరణానికీ మానవ హక్కులకూ హాని జరుగుతోందన్న కారణంతో నార్వే ప్రభుత్వ పింఛను నిధి, నియమగిరిపై బాక్సైటు తవ్వాలనుకున్న వేదాంత కంపెనీని 2007లోనే పక్కన పెట్టింది. 2010లో ఇంగ్లండు చర్చి కూడా తన వాటాలు అమ్ముకుంది. అయితే ఆ కొండపై తవ్వకానికి అసలైన అడ్డుకట్ట వేసింది మదుపరులు కారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ విషయాన్ని గ్రామసభల ముందుంచగా, పన్నెండుకు పన్నెండు సభలూ వద్దని తీర్మానించాయి.

జవాబు (జయపురం): పేరులో ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) అని ఉన్నంత మాత్రాన నమ్మకుండా, ఆ ఫండ్ ఏయే కంపెనీల్లో డబ్బు పెట్టిందో ప్రతి నెలా చూడండి. మార్కెట్ విలువలో మొదటి 1000 నమోదిత కంపెనీలు బాధ్యతా నివేదిక ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. కానీ రాసుకునేది కంపెనీయే కదా!

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. బావగారికి చదివి వినిపించాను. "మరి మన పిల్లల ఉద్యోగాల మాటేమిటి?" అన్నారు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.