ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అంటే మొక్కలు పెట్టించే మనిషేనా? క్లయింట్‌కి ఎలా చెప్పాలి?

సైట్_ఇంజినీర్:
సుమారు 2,000 చదరపు మీటర్ల స్థలం. ఆ చివరి నుంచి ఈ చివరికి 1.8 మీటర్ల వాలు. బిల్డింగ్ డ్రాయింగులు దాదాపు ఖరారయ్యాయి. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని ఇప్పుడే తీసుకుందామంటే క్లయింట్ ససేమిరా అంటున్నారు. "రంగులు వేయడం అయ్యాక నర్సరీవాళ్లని పిలుద్దాం, మొక్క ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఫీజెందుకు?" అని వాదన. వృత్తి గొప్పతనం చెబితే వినే మనిషి కాదు. ఆలస్యం చేస్తే ఏం పోతుందో లెక్కల్లో చెప్పగలరా?

వాలుపటం:
మొక్కల మాట పక్కన పెట్టి గుమ్మం ఎత్తు గురించి అడగండి. లోపలి ఫ్లోర్ లెవెల్ నేలకన్నా 45 సెం.మీ. ఎత్తులో పెట్టారనుకుందాం. వీల్‌చైర్ ర్యాంపుకి 1:12 వాలు కావాలి, అంటే ఒక సెం.మీ. ఎత్తుకి 12 సెం.మీ. పొడవు చొప్పున 5.4 మీటర్లు. పైనా కిందా చదును చోటు చెరో 1.5 మీటర్లు వేస్తే మొత్తం 8.4 మీటర్లు. ప్రహరీకి, మెట్లకి మధ్య అంత చోటు ఉందా? గోడలు లేచాక చూసుకుందామంటే ఉండదు. అప్పుడు 1:6 వాలుతో ఒక దిమ్మ పోసి ర్యాంపు అంటారు. దాని మీద తోసేవాడికీ కష్టమే, దిగేవాడికీ ప్రమాదమే.

మీ స్థలంలో 1.8 మీటర్ల తేడా ఉందన్నారు కదా. గుమ్మాన్ని మెరక వైపు తిప్పి, ఫ్లోర్ లెవెల్ దానికి సరిపెడితే 1:20 కన్నా తక్కువ వాలుతో మామూలు నడకదారే సరిపోవచ్చు. ర్యాంపూ అక్కర్లేదు, రెయిలింగూ అక్కర్లేదు. ఈ పని కాంటూర్ సర్వే (నేల ఎత్తుపల్లాలు కొలిచి గీసిన పటం) ముందు పెట్టుకుని, బిల్డింగ్ ఆర్కిటెక్ట్‌తో కూర్చున్నప్పుడే అవుతుంది. నర్సరీవాళ్లు వచ్చేసరికి ఆ గుమ్మం కాంక్రీటులో ఉంటుంది.

ఇంకోటి: గోడ నుంచి బయటికి నేల కనీసం 2 శాతం వాలాలి, 3 మీటర్లకి 6 సెం.మీ. పూలమడి కోసమని గోడవారన మట్టి ఎత్తుగా పోస్తే వాలు తిరగబడి గోడకి చెమ్మ ఎక్కుతుంది.

మట్టీ_నీరూ:
పై సమాధానంలో నీటి లెక్క రాలేదు. పైకప్పు 600, గచ్చు 500 చదరపు మీటర్లు అనుకోండి. గట్టి వానలో 50 మి.మీ. పడితే, పదో వంతు పోయినా దాదాపు 50 వేల లీటర్లు పారుతుంది. 15 సెం.మీ. లోతు పల్లంలో అదంతా ఆపాలంటే 330 చదరపు మీటర్లు కావాలి. అంత చోటు ఎవరిస్తారు? కొంత ఇంకించాలి, కొంత నిల్వ చేయాలి, మిగిలింది డ్రెయిన్‌కి పంపాలి. ఎంతెంత అన్నది మట్టి చెబుతుంది. 30 సెం.మీ. గుంత తవ్వి, నీళ్లు నింపి ఇంకనిచ్చి, మళ్లీ నింపి గంటకెంత దిగిందో కొలవండి. గంటకి సెంటీమీటరు కూడా దిగకపోతే ఇంకుడు మీద ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత పైమట్టి. పని మొదలుపెట్టేటప్పుడే పై 15–20 సెం.మీ. తీసి, లారీలు తిరగని మూల విడిగా పోయించాలి. ఉంచాల్సిన చెట్ల చుట్టూ కొమ్మల అంచు దాటి కంచె వేయాలి. వేళ్లలో ఎక్కువ భాగం పై 60 సెం.మీ.లోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి కూడా పాకుతాయి. ఇవేవీ చేయకుండా ఏడాదిపాటు లారీలు తిప్పి, రోలర్ తొక్కించి, చివర్లో గుంత తవ్వి మొక్క పెడితే ఆ గుంత బకెట్ లాంటిదే. నీరు దిగదు, వేరు కుళ్లుతుంది. మొక్క బాలేదని నర్సరీని తిడతారు గానీ చంపింది రోలర్.

సెక్షన్_డ్రాయింగ్:
తప్పంతా జనానిదే అంటే ఒప్పుకోను. మనవాళ్లు చూపించేవి ముప్పై ఏళ్ల చెట్లు మొదటి రోజే నిలబడ్డట్టుండే త్రీడీ బొమ్మలు. నేలని ఎక్కడ ఎంత ఎత్తులో, ఎటు వాలుగా మలచాలో చెప్పే గ్రేడింగ్ ప్లాను ఎవరు చూపిస్తున్నారు? పైగా పని బాగా కుదిరితే ఎవరో చేసినట్టే కనపడదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు చెరువులు సహజమనే చాలామంది అనుకుంటారు, అవి తవ్వించినవి. ఆ పార్కుని డిజైన్ చేసిన ఓమ్‌స్టెడ్, వాక్స్‌ల 1858 నాటి ప్లానులో నాలుగు అడ్డరోడ్లని నేలమట్టానికి దిగువన పెట్టారు, బళ్లు పార్కుని ముక్కలు చేయకూడదని. బాస్టన్‌లోని బ్యాక్ బే ఫెన్స్ అనే పార్కు కూడా చూడ్డానికి చిత్తడినేలే, వేసింది వరద, మురుగు సమస్య తీర్చడానికి.

అయితే చిన్న చదును స్థలం, నాలుగు మడులు, ఒక పచ్చిక అంటే మంచి తోటమాలి చాలు. నీళ్లు, కత్తిరింపు, పురుగుల సంగతి ఆయనకే ఎక్కువ తెలుసు. మీ స్థలం ఆ కోవలోది కాదు, అంతే.

సైట్_ఇంజినీర్:
గుమ్మం లెక్క పనికొచ్చేట్టుంది. ఒక విషయం రాయలేదు: బేస్‌మెంట్ స్లాబు మీద పెద్ద చెట్లు కావాలని కూడా అడుగుతున్నారు.

మట్టీ_నీరూ:
అయితే ఇవాళే ఫోన్ చేయండి. మామూలు మట్టి తడిస్తే ఘనపు మీటరుకి 1.8 నుంచి 2 టన్నులు. చెట్టుకి మీటరు లోతు ఇచ్చారంటే ప్రతి చదరపు మీటరు మీదా అంత బరువు, చెట్టు బరువు అదనం. అర టన్నుకి డిజైన్ చేసిన స్లాబు మోయదు. తేలిక మిశ్రమం వాడినా, చెట్టుని స్తంభం నెత్తిన పెట్టినా స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి ముందే తెలియాలి. కింద నుంచి పైకి వరస: వాటర్‌ప్రూఫింగ్, వేళ్లని ఆపే పొర, డ్రైనేజీ పొర, ఫిల్టర్ గుడ్డ, ఆపైన మట్టి. వాటర్‌ప్రూఫింగ్ అవగానే 48 గంటలు నీళ్లు కట్టి కింద చెమ్మ చూడండి. మట్టి పోశాక లీకు దొరకబట్టాలంటే మొత్తం ఎత్తిపోయాలి.