బిరుదు లేనందుకే 2000 నాటి రేవెన్స్ డిఫెన్స్ వెనకబడిందా?

రవికిరణ్ (బాల్టిమోర్):
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గొప్ప డిఫెన్స్ (ఎదుటి టీమ్‌ని పాయింట్లు చెయ్యనివ్వకుండా ఆపే దళం) ఏదని అడిగితే ముందు బిరుదులే వినిపిస్తాయి. పిట్స్‌బర్గ్ 'స్టీల్ కర్టెన్', మిన్నెసోటా 'పర్పుల్ పీపుల్ ఈటర్స్', డాలస్ 'డూమ్స్‌డే', సియాటిల్ 'లీజన్ ఆఫ్ బూమ్'. 2000 నాటి బాల్టిమోర్ రేవెన్స్ ఎప్పుడో చివర్లో గుర్తొస్తారు. 16 గేమ్‌లలో వాళ్లు ఇచ్చింది 165 పాయింట్లు. 16 గేమ్‌ల సీజన్‌లో అంతకంటే తక్కువ ఎవరూ ఇవ్వలేదు. నాలుగు గేమ్‌లలో ఎదుటి టీమ్‌కి సున్నా. మా అఫెన్స్ (పాయింట్లు చేసే దళం) వరుసగా ఐదు గేమ్‌లలో ఒక్క టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) కూడా చెయ్యలేదు, అయినా అందులో రెండు గెలిచాం! సూపర్ బౌల్‌లో, అంటే ఫైనల్‌లో, జెయింట్స్‌కి వచ్చిన 7 పాయింట్లు కూడా కికాఫ్ రిటర్న్‌లో (కిక్ చేసిన బంతిని పట్టుకుని పరుగెత్తడం) వచ్చినవే, డిఫెన్స్ మీద వచ్చినవి కావు. జనం నోట్లో నానే పేరు లేకపోవడం వల్లే వీళ్లకు అన్యాయం జరిగిందంటాను.

శ్రీలత (పిట్స్‌బర్గ్):
రవికిరణ్ గారూ, బిరుదు ఉంటే గొప్పతనం వచ్చేస్తుందన్నట్టు మాట్లాడుతున్నారు. 'స్టీల్ కర్టెన్' అనే పేరు 1971లో ఇక్కడి ఒక రేడియో స్టేషన్ పెట్టిన పోటీలో వచ్చింది. అప్పటికి మా స్టీలర్స్ ఒక్క ప్లేఆఫ్ (సీజన్ తర్వాతి నాకౌట్) గేమ్ కూడా గెలవలేదు. ఆ పేరు ఈ రోజుకీ నిలిచిందంటే ముందు వరుసలో జో గ్రీన్, గ్రీన్‌వుడ్, హోమ్స్, వైట్ ఆడిన ఆట వల్ల.

1976 చూడండి. మొదటి ఐదు గేమ్‌లలో నాలుగు ఓడారు, క్వార్టర్‌బ్యాక్ (అఫెన్స్‌ని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) బ్రాడ్‌షాకి గాయమైంది. ఇంక సీజన్ పోయిందనుకున్నారు అందరూ. మిగిలిన తొమ్మిదీ గెలిచారు. ఆ తొమ్మిదింటిలో ఇచ్చింది మొత్తం 28 పాయింట్లు, అందులో ఐదు గేమ్‌లలో సున్నా. మీ రేవెన్స్ కూడా అలాంటి వరుస చూపించలేదు.

సుధీర్ (షికాగో):
శ్రీలత గారూ, ఆ తొమ్మిదిలో ఒకటి టాంపా బే మీద. ఆ ఏడాదే పుట్టి, 14కి 14 ఓడిన టీమ్ అది. పైగా ఆ సీజన్ సూపర్ బౌల్ దాకా వెళ్లలేదు, రైడర్స్ చేతిలో 24-7 తేడాతో ఆగిపోయింది. మీ అఫెన్స్‌లో బంతితో పరుగెత్తే ఫ్రాంకో హారిస్, రాకీ బ్లయర్ ఇద్దరూ గాయాలతో ఆడలేదు, నిజమే. కానీ 24 పాయింట్లు ఇచ్చింది డిఫెన్సే కదా.

మా షికాగో 1985 బేర్స్ ప్లేఆఫ్స్‌లో 21-0, 24-0, ఆ తర్వాత సూపర్ బౌల్‌లో 46-10. డిఫెన్స్ కోచ్ బడ్డీ రయన్ '46 డిఫెన్స్' పేరు పాత ఆటగాడు డగ్ ప్లాంక్ జెర్సీ నంబర్ నుంచి వచ్చింది. 1985లో ప్లాంక్ ఆ టీమ్‌లోనే లేడు! ఆ పద్ధతిలో ఎనిమిది మంది దాకా ఆట మొదలయ్యే లైన్ దగ్గరికి వచ్చేస్తారు. క్వార్టర్‌బ్యాక్‌కి ఎవరు మీదికి వస్తారో, ఎవరు వెనక్కి తగ్గుతారో తేల్చుకునే టైమే ఉండదు. ఎదుటివాళ్ల ఆలోచననే కుదిపేసిన డిఫెన్స్ అది.

శ్రీలత (పిట్స్‌బర్గ్):
ఆ ఏడాదే డిసెంబర్‌లో మయామీ క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో మీ వాళ్ల మీద 38 కొట్టించాడు కదా సుధీర్ గారూ. ఆయనకి ఆలోచించుకునే టైమ్ దొరికినట్టుంది.

మాధవి (ఫ్రిస్కో):
నేను డాలస్ కౌబాయ్స్ అభిమానిని కాబట్టి డూమ్స్‌డే అంటానని చూస్తున్నారేమో, అనను. నా లెక్క వేరు. పాయింట్లే కొలత అయితే 1977 అట్లాంటా ఫాల్కన్స్ 14 గేమ్‌లలో 129 మాత్రమే ఇచ్చారు. వాళ్లకి 'గ్రిట్స్ బ్లిట్జ్' అనే బిరుదూ ఉంది. అయినా 7 గెలిచి 7 ఓడి ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. ఇప్పుడు వాళ్లను తలచుకునేవాళ్లు ఎంతమంది? కాబట్టి బిరుదు కాపాడుతుందన్న వాదన నిలవదు.

ఇంకో సంగతి. 1978లో రూల్స్ మారాయి. ఐదు గజాలు దాటాక రిసీవర్‌ని (పాస్ అందుకునే ఆటగాణ్ణి) అడ్డుకోవడం కుదరదన్నారు. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే అఫెన్స్ లైన్‌మెన్ చేతులు చాచి ఆపవచ్చన్నారు. అంతకుముందు అంకెల్ని ఆ తర్వాతి అంకెల పక్కన పెట్టడం న్యాయం కాదు. అందుకే నా ఓటు సియాటిల్‌కి. పాసింగ్‌కి అన్నీ కలిసొచ్చిన కాలంలో 2012 నుంచి 2015 దాకా నాలుగేళ్లు వరుసగా లీగ్‌లో అతి తక్కువ పాయింట్లు ఇచ్చారు. 2013లో 606 పాయింట్లతో రికార్డు పెట్టిన డెన్వర్‌ని సూపర్ బౌల్‌లో 8 దగ్గర ఆపేశారు.

రవికిరణ్ (బాల్టిమోర్):
ఫాల్కన్స్ మాట బాగా చెప్పారు మాధవి గారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ మీరు చెప్పిన రూల్స్ లెక్క మాకే పనికొస్తుంది, 2000 కూడా 1978 తర్వాతే కదా. ఇంకొకటి గమనించండి. 'స్టీల్ కర్టెన్', 'పర్పుల్ పీపుల్ ఈటర్స్' ముందు వరుస నలుగురికి పెట్టిన పేర్లు. 'లీజన్ ఆఫ్ బూమ్' వెనక వరుసది. రేవెన్స్‌లో ముందు ఆడమ్స్, సిరగూసా, మధ్యలో రే లూయిస్, వెనక రాడ్ వుడ్‌సన్. ఏ వరుసకని పేరు పెడతారు? నాలుగు ప్లేఆఫ్ గేమ్‌లలో ఎదుటి అఫెన్స్‌కి వాళ్లిచ్చింది ఒకే ఒక్క టచ్‌డౌన్, అది టెనెస్సీ ఎడ్డీ జార్జ్‌ది. సుధీర్ గారూ, మీ బేర్స్ కూడా ఒక్కటే ఇచ్చారని తెలుసు, కానీ మీకు అఫెన్స్‌లో బంతితో పరుగెత్తే వాల్టర్ పేటన్ ఉన్నాడు.