జర్మనీ పోతున్నాం, మిరియాన్ని ఏం చేయాలి?

మినీబైపాస్ | అక్టోబరు 4, రాత్రి 10:50

అన్నలూ, అక్కలూ, సలహా కావాలి. తిట్లొద్దు.

నవంబరు 17న నేను మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరాలి. నెల్లూరులో మాది అద్దె ఇల్లు, నెలాఖరుకి ఖాళీ చేస్తామని చెప్పేశాం. ఇంట్లో మిరియం అని ఆరేళ్ల నల్లకుక్క ఉంది. నాటుదే, పందొమ్మిది కిలోలు. ఏటా రేబిస్ సూది వేయించాం, కార్డు భద్రంగా ఉంది. ఒంట్లో వేసే గుర్తింపు మైక్రోచిప్పు లేదు.

అమ్మానాన్న కనిగిరి దగ్గర పల్లెలో ఉంటారు. నాన్నకి ఉబ్బసం, కుక్కని గడప దాటనివ్వరు, వరండాలో కట్టేయాలి. ఇంకో దారి, అల్లూరు వైపు ఏదైనా రొయ్యల చెరువు దగ్గర కాపలాకి ఇవ్వడం. తిరగడానికి చోటుంటుంది, తిండికి లోటుండదు కాబట్టి నాకు అదే మేలనిపిస్తోంది. తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అల్లూరు_చెరువు | అక్టోబరు 4, రాత్రి 11:35

తమ్ముడూ, రొయ్యల చెరువంటే ఏందనుకుంటా ఉండావు? పార్కా?

కుక్క ఒక చెరువులో చచ్చిన రొయ్యను నోట కరుచుకోని ఇంకో చెరువు గట్టున పడేసిందనుకో, తెల్లమచ్చ రోగం ఆడికి ఎక్కుద్ది. పీతలు రాకుండా చుట్టూ కంచె కడతాం, కొంగలు వాలకుండా పైన దారాలు లాగుతాం. అంత చేసి కుక్కను గట్ల మీద తిరగనిస్తామా? గొలుసే గతి. షెడ్డు కాడ ఉండేవి ఉప్పునీళ్లు, మంచినీళ్లు క్యాన్లో తేవాల. రాత్రంతా చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ల రొద. మీ ఇంట్లో ఫ్యాను కింద పండుకున్న కుక్క నాలుగు రోజులకి తిండి మానేస్తది.

కాపలాకి మాకు కుక్కల కరువేం లేదు. ఊర్లో పుట్టినవే బోలెడుండాయి, వాటికి ఆ బతుకు అలవాటు.

లాయర్‌పేట_తాత | అక్టోబరు 5, ఉదయం 5:20

బాబూ, ఒక మాట. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో పదకొండో సెక్షను ఉంది. సరైన కారణం లేకుండా, ఆకలితోనో దాహంతోనో బాధపడే పరిస్థితుల్లో జంతువును వదిలేస్తే నేరం. ఇక్కడ గమనించాల్సింది, తిండీ నీళ్లూ చూసే మనిషికి అప్పగిస్తే అది వదిలేయడం కిందికి రాదు. చెరువు కాపలాదారు అన్నం పెడతాడు కాబట్టి నీకు చట్టపరంగా ఇబ్బంది లేదు. నిశ్చింతగా వెళ్లిరా.

దర్శి_దొర | అక్టోబరు 5, ఉదయం 6:02

తాతా, వదిలేస్తే జరిమానా ఎంతో కూడా చెప్పు.

లాయర్‌పేట_తాత | అక్టోబరు 5, ఉదయం 6:15

మొదటిసారికి పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అది వేరే విషయం.

మార్కాపురం_పలక | అక్టోబరు 5, ఉదయం 8:40

ఇక్కడ మనుషులకే వీసా రాక చస్తుంటే కుక్కకి జర్మనీ అంట.

స్టుట్‌గార్ట్_కోడలు | అక్టోబరు 5, మధ్యాహ్నం 1:10

నాది కావలి. మూడేళ్ల కిందట మా టామీని ఇక్కడికి తెచ్చుకున్నాను, అందుకే ఇంత రాస్తున్నా.

తమ్ముడూ, నువ్వు ఏటా వేయించిన సూదులు యూరప్‌లో లెక్కకి రావు. ముందు పదిహేను అంకెల చిప్పు వేయించాలి. అదే రోజో, ఆ తర్వాతో రేబిస్ సూది. అక్కడి నుంచి 30 రోజులు ఆగి రక్తం తీయించి, యూరోపియన్ యూనియన్ ఒప్పుకున్న ల్యాబుకే పంపాలి. మిల్లీలీటరుకి 0.5 యూనిట్లు, ఆ పైన వస్తే పాసు. రక్తం తీసిన రోజు నుంచి ఇంకో మూడు నెలలు ఆగాలి. ఇండియా నుంచి వచ్చే కుక్కలన్నిటికీ ఇంతే. చివర్లో చెన్నైలో కేంద్రప్రభుత్వ క్వారంటైన్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుని పది రోజుల్లోపు ఇక్కడ దిగాలి.

లెక్క వేసుకో. రేపే మొదలెట్టినా ఫిబ్రవరికి ముందు మిరియం కదలదు. పందొమ్మిది కిలోలంటే నీతోపాటు క్యాబిన్లోకి రానివ్వరు, బోనులో కింద రావాలి. నాకు ఏజెంటు ఫీజుతో కలిపి రెండున్నర లక్షలు దాటింది. మ్యూనిక్‌లో కుక్కకి ఏడాదికి 100 యూరోల పన్ను కూడా కట్టాలి. డబ్బు సంగతి ఎట్లాగో చూసుకోవచ్చు. ఇల్లు దొరకడం దానికన్నా కష్టం.

మినీబైపాస్ | అక్టోబరు 5, మధ్యాహ్నం 2:30

అక్కా, థాంక్స్. కానీ ఒకటి అర్థం కాలేదు. ఆరేళ్లుగా ప్రతి ఏడూ సూది పడింది. కార్డు మీద డాక్టరు సంతకం, సీలు, మందు సీసా మీది స్టిక్కరు అన్నీ ఉన్నాయి. ఒంట్లో మందు ఉన్నప్పుడు చిప్పు ముందా సూది ముందా అని చూడటమేంటి? ఆ కార్డు చూపిస్తే ఒప్పుకోరా?

స్టుట్‌గార్ట్_కోడలు | అక్టోబరు 5, మధ్యాహ్నం 2:48

ఒప్పుకోరు. చిప్పు నంబరే కుక్కకి గుర్తింపు. చిప్పు లేని రోజు వేసిన సూది ఏ కుక్కకి వేశారో వాళ్లకెలా తెలుస్తుంది?

మినీబైపాస్ | అక్టోబరు 5, మధ్యాహ్నం 3:05

కార్డు మీద ఫొటో ఉందక్కా.

దర్శి_దొర | అక్టోబరు 5, మధ్యాహ్నం 3:09

నల్లకుక్క ఫొటో. బాగుంది.

మినీబైపాస్ | అక్టోబరు 5, మధ్యాహ్నం 3:31

నవ్వులాట కాదు బ్రదర్. మా డాక్టరుగారిని అడిగా, ఆయన కూడా "మందు పనిచేస్తూనే ఉంటుంది" అన్నారు. మందు పనిచేస్తున్నప్పుడు ఈ మూడు నెలలు దేనికి? రూలు పెట్టినవాడికి బుర్ర ఉండక్కర్లా?

స్టుట్‌గార్ట్_కోడలు | అక్టోబరు 5, సాయంత్రం 4:00

రక్తం తీసేనాటికే కుక్కకి రేబిస్ తగిలి ఉంటే, ఆ మూడు నెలల్లో బయటపడుతుందని. వాళ్ల దేశంలో లేని జబ్బు, వాళ్ల భయం వాళ్లది. నువ్వు రూలుతో పోట్లాడుతున్నావు తమ్ముడూ, నాతో కాదు. ఈ పోట్లాట మానేస్తే మిరియం సంగతి ఆలోచించవచ్చు. అది నీకిప్పుడు ఇష్టం లేనట్టుంది.

లాయర్‌పేట_తాత | అక్టోబరు 5, సాయంత్రం 5:30

అమ్మాయ్, ఇల్లు దొరకదన్నావు. అద్దె ఒప్పందాల్లో కుక్కలు, పిల్లులు అసలు వద్దని గుండుగుత్తగా ముద్రించిన షరతు చెల్లదని జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2013లోనే తీర్పు ఇచ్చింది.

స్టుట్‌గార్ట్_కోడలు | అక్టోబరు 5, సాయంత్రం 5:52

తాతగారూ, ఒక్కో ఫ్లాటుకి అరవై మంది వరసలో నిలబడితే ఓనరు కుక్క లేనివాడికి ఇస్తాడు. ఆ తీర్పు పట్టుకుని అతని తలుపు కొట్టేదెవరు?

అసలు విషయానికి వస్తా. యజమాని ప్రయాణానికి అటో ఇటో ఐదు రోజుల్లోపే కుక్క కూడా ప్రయాణం చేయాలి. లేకపోతే దాన్ని వ్యాపార సరుకు కింద లెక్కేస్తారు, కాగితాలు ఇంకా ఎక్కువ. నవంబరులో నువ్వు వచ్చేసి, ఫిబ్రవరిలో ఎవరితోనో పంపిద్దామంటే కుదరదు. నువ్వు తిరిగెళ్లి తెచ్చుకోవాలి. లేదా మీ ఆవిడ అప్పటిదాకా నెల్లూరులో ఉండి, దాన్ని తీసుకుని రావాలి. నన్నడిగితే రెండోదే తేలిక.

పొదలకూరు_నిమ్మ | అక్టోబరు 5, సాయంత్రం 6:20

అంటే కుక్క కోసం మొగుడూ పెళ్లాల్ని విడదీయమంటారా? బాగుంది అక్కా మీ సలహా. పెళ్లయింది కాపురం చేసుకోవడానికా, కుక్కకి కాపలా కాయడానికా?

స్టుట్‌గార్ట్_కోడలు | అక్టోబరు 5, సాయంత్రం 6:33

మూడు నెలలు. గల్ఫుకి పోయినవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు పదేళ్లు ఒంటరిగా ఉంటే ఎవరికీ పట్టదు. కుక్క అనేసరికి కాపురం గుర్తొచ్చింది.

పొదలకూరు_నిమ్మ | అక్టోబరు 5, సాయంత్రం 6:41

వాళ్లది బతుకుతెరువు. ఇది షోకు.

మినీబైపాస్ | అక్టోబరు 5, రాత్రి 8:15

ఇద్దరూ ఆగండి. ఆవిడని ఒంటరిగా వదలడం నాకిష్టం లేదు. అందుకే చెరువు అన్నాను. తాతగారు కూడా తప్పేం లేదన్నారు. అల్లూరు అన్నా, మీ దగ్గర వద్దులెండి, గొలుసు వేయని చెరువు ఇంకెవరిదైనా ఉంటే చెప్పండి. నెలకి రెండు వేలు పంపుతాను. సెలవులకి వచ్చినప్పుడు చూసిపోతాం.

అల్లూరు_చెరువు | అక్టోబరు 5, రాత్రి 9:40

నెలకి రెండు వేలు పంపుతాడంట.

నాకాడికి ఇట్టా మూడు కుక్కలొచ్చినాయి. మొదటిది లాబ్రడార్. నెల్లూరు వాళ్లదే, దాన్ని దింపిపోయినప్పుడు పిలకాయలు కారులో ఏడస్తా ఉంటే నాకే బాధయ్యింది. రెండు నెలలు డబ్బులొచ్చినాయి, మూడో నెల ఫోను ఎత్తలా. రెండోది తెల్ల పామేరియన్, ఇప్పటికీ ఉండాది, చెవుల్లో పుండ్లు పడితే నెల్లూరు తీసకపోయి చూపించింది నేనే. అమెరికా సుంకాల దెబ్బకి రొయ్య రేటు పడిపోయి, మేత బాకీ తీర్చలేక నేను తిరగతా ఉంటే, దాని సూదికి డబ్బులెవరిస్తారు?

మూడోది మా తమ్ముడి జిమ్మీ. సిడ్నీ పోతా పోతా అమ్మను, ఆరెకరాలను, జిమ్మీని నాకప్పజెప్పినాడు. కుక్కను తీసకపోవచ్చు కదరా అంటే, ఇండియా నుంచి నేరుగా రానియ్యరు, ముందు ఇంకో దేశంలో ఆర్నెల్లు ఉంచాలన్నా అన్నాడు. సరే, అది నిజమే. కానీ "నువ్వున్నావు కదన్నా" అన్నాడు చూడు, ఆ మాట నాకు నచ్చలా. నేనుండానని ఎవరు చెప్పినారు? నేను ఉండిపోయినానంతే.

చెరువంతా తెల్లమచ్చకి పోయి పన్నెండు లక్షలు నీళ్లల్లో కలిసిన రోజు ఫోను చేస్తే "ఇన్సూరెన్స్ లేదా అన్నా" అన్నాడు. జిమ్మీ పోయిందని చెప్తే మాత్రం అరగంట ఏడ్చినాడు.

ఈ రూలు పుస్తకాలు, సెక్షన్లు పక్కన పెట్టండి. పోయేవాళ్లు మోయలేనివన్నీ ఉండేవాడి నెత్తిన పెడతారు. కుక్క ఒక లెక్కా.

లాయర్‌పేట_తాత | అక్టోబరు 5, రాత్రి 10:05

అప్పగించేటప్పుడు రాతపూర్వకంగా ఒప్పందం రాసుకుని ఉండాల్సింది.

అల్లూరు_చెరువు | అక్టోబరు 5, రాత్రి 10:07

తమ్ముడి కాడ?

మినీబైపాస్ | అక్టోబరు 5, రాత్రి 10:30

అన్నా, మీ తమ్ముడి మీది కోపం నా మీద తీస్తున్నారు. నేను అలాంటివాణ్ని కాదు. ఎవరూ సాయం చేయకపోతే కనిగిరిలో వరండా ఉంది, అక్కడే కట్టేస్తాను. ఇక ఈ చర్చ ఆపేద్దాం.

మినీబైపాస్ | అక్టోబరు 6, మధ్యాహ్నం 12:20

ఇది ఆయన అకౌంటే, రాస్తోంది నేను. ఆయన భార్యని. పేరెందుకులెండి.

రాత్రి మొత్తం చదివాను. నన్ను ఉండమన్నవాళ్లున్నారు, ఉండకూడదన్నవాళ్లున్నారు, నేనేమంటానో ఒక్కరూ అడగలేదు. ఆయన కూడా.

మిరియాన్ని తెచ్చింది నేను. ఆరేళ్ల కిందట వానలో, ఆత్మకూరు బస్టాండు దగ్గర, నా చున్నీలో చుట్టుకుని ఆటోలో తెచ్చాను. అప్పటికి మాకు పెళ్లి కాలేదు. పెళ్లిచూపుల్లో నేను చెప్పిన ఒకే ఒక్క షరతు అది. ఆయనకి గుర్తుండే ఉంటుంది.

ఇంకోటి. నేను పదో తరగతికి లెక్కలు చెప్తాను. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. నవంబరులో మధ్యలో వదిలేసి రానని ఆగస్టులోనే చెప్పాను. "చూద్దాంలే" అన్నారు. ఆ చూద్దాం అన్న మాట మీదే ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకి చెప్పేశారు. కుక్క కోసం నేను ఆగిపోతున్నానని అనుకునేవాళ్లు అనుకోండి. కుక్క లేకపోయినా ఆగేదాన్నే.

ఈ ఉదయం చిప్పు వేయించాను. వెంటనే సూది కూడా పడింది, కార్డులో చిప్పు నంబరు రాయించాను. నవంబరు రెండో వారంలో రక్తం తీయిస్తాను.

స్టుట్‌గార్ట్ అక్కా, నేను పరీక్ష పేపర్లు అయ్యాక ఏప్రిల్‌లో దాన్ని తీసుకుని వస్తే ఎండల వల్ల ఇబ్బందా?

స్టుట్‌గార్ట్_కోడలు | అక్టోబరు 6, మధ్యాహ్నం 1:15

ఎండ ఎక్కువుంటే కొన్ని విమానాలవాళ్లు కుక్కల్ని ఎక్కించుకోరు. చెన్నై నుంచి అర్ధరాత్రి దాటాక ఎక్కే విమానం చూసుకోమ్మా, ముందే అడిగి రాయించుకో. బోను ఇప్పుడే కొని ఇంట్లో తలుపు తీసి పెట్టు, అందులో పడుకోవడం అలవాటు కావాలి. మత్తు మందు మాత్రం ఎవరు చెప్పినా ఇవ్వద్దు.

నిన్ను అడక్కుండానే ఉండమన్నాను. తప్పే.

మినీబైపాస్ | అక్టోబరు 6, సాయంత్రం 4:40

ఇంకా నేనే. ఇప్పుడు నాకు కావాల్సింది ఇల్లు. ఆరు నెలలకి, కుక్క ఉన్నా సరే అనే ఓనరు. వేదాయపాళెం, స్టోన్‌హౌస్‌పేట, ఎక్కడైనా పర్లేదు. నిన్నటి నుంచి నాలుగు ఇళ్లు చూశాను.

దర్శి_దొర | అక్టోబరు 6, సాయంత్రం 4:58

మ్యూనిక్‌లోనే కాదన్నమాట.

పొదలకూరు_నిమ్మ | అక్టోబరు 6, సాయంత్రం 5:10

కుక్క సంగతి తర్వాతమ్మా, ఆయన లేకుండా ఒక్కదానివే అంటే ఇల్లిచ్చేవాళ్లు తక్కువ. నిన్న నేను అన్నది దాని గురించే.

అల్లూరు_చెరువు | అక్టోబరు 6, రాత్రి 8:05

అమ్మాయ్, స్టోన్‌హౌస్‌పేటలో మా అత్త వాళ్ల మిద్ది మీద పోర్షను ఖాళీగా ఉండాది. ఆమెకి కుక్కలంటే పడదు గానీ నేను మాట్లాడతా. అద్దె అడ్వాన్సు నీ పేరు మీదే రాయించుకో, మీ ఆయన పేరు మీద కాదు.

మిరియానికి రొయ్యలు మాత్రం పెట్టబాక. మా పామేరియన్‌కి దాంతోనే ఒళ్లంతా దురద పుట్టింది.