అడ్తి సర్వర్‌లో 32 జీబీ ర్యామ్ వేస్తే బూట్ అవ్వట్లేదు, ఏది కొనాలి?

ప్రశ్న (వరంగల్ నుంచి)

అన్నలందరికీ నమస్తే. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణంలో కంప్యూటర్లు, లెక్కలు నేనే చూసుకుంటా. జియాన్ ఈ-2224 ఉన్న టవర్ సర్వర్, ఉబుంటు మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుస్తుంది. తక్‌పట్టీలు (రైతులకిచ్చే అమ్మకం రసీదులు), రైతుల బాకీలు అన్నీ అందులోనే. ఉన్నది ఒక్కటే 16 జీబీ స్టిక్. మిర్చి సీజన్‌లో నలుగురు ఒకేసారి బిల్లులు కొడితే సతాయిస్తోంది. "సర్వర్ ర్యామే కదా, ఏదైనా పడుతుంది" అని షాపాయన అంటే సెకండ్ హ్యాండ్ 32 జీబీ స్టిక్ తెచ్చా. స్లాట్‌లో చక్కగా కూర్చుంది కానీ స్క్రీన్ రావట్లేదు, బీప్‌లు కొడుతోంది. పాతది పెడితే మామూలే. ర్యామ్ పోయిందా, బోర్డు పోయిందా? సేటుకు ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు (హనుమకొండ, సర్వర్ల పని చేసేవారు)

తమ్ముడూ, రెండూ బాగానే ఉండి ఉంటాయి. స్టిక్ మీద లేబుల్ చదువు. పీసీ4-2666 లాంటి అంకె తర్వాత గీత పక్కన ఏ ఇంగ్లిష్ అక్షరం ఉంది? 'ఆర్' అంటే రిజిస్టర్డ్, అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్ చిప్పులకూ మధ్య సిగ్నల్ అందించే రిజిస్టర్ అనే అదనపు చిప్ ఉన్నది. 'ఈ' అంటే రిజిస్టర్ లేని ఈసీసీ, అంటే బిట్ తప్పుల్ని తానే పట్టి దిద్దే ర్యామ్. 'యూ' అంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. 'ఎల్' ఉంటే పెద్ద సర్వర్లలో వేసేది.

ప్రశ్న వేసినవారు

'ఆర్' ఉందన్నా. ముందు వైపు మధ్యలో ఒక చిన్న చిప్ వేరేగా కనిపిస్తోంది.

జవాబు (హనుమకొండ)

అదే రిజిస్టర్ చిప్. నీ జియాన్ ఈ-2200 వరుస ప్రాసెసర్లు రిజిస్టర్డ్ ర్యామ్ తీసుకోవు. అది జియాన్ సిల్వర్, గోల్డ్, ఏఎండీ ఎపిక్ వంటి పెద్ద సర్వర్ ప్రాసెసర్లకు. డీడీఆర్4లో రెండు రకాలకూ 288 పిన్నులే, గాడి కూడా ఒకే చోట, అందుకే చక్కగా కూర్చుంది. డీడీఆర్5లో గాడి మార్చేశారు, అక్కడ తప్పుది అసలు దిగదు.

నీకు కావలసింది 'ఈ' అక్షరం ఉన్న 16 జీబీ స్టిక్. 3200 దొరికినా తీసుకో, నీ ప్రాసెసర్ మీద 2666కే నడుస్తుంది. పాతదాని మీదున్న 2ఆర్‌ఎక్స్8 లాంటి గుర్తుకు (చిప్పుల అమరిక చెప్పేది) కొత్తది సరిపోతే ఇంకా మంచిది. మొత్తం 32 జీబీ అవుతుంది, రెండు ఛానెళ్లూ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారులు) పనిచేస్తాయి కాబట్టి మెమరీ వేగం కూడా పెరుగుతుంది. ఏ స్లాట్‌లో వేయాలో సర్వర్ డోర్ లోపలి స్టిక్కర్ మీద బొమ్మ ఉంటుంది. ఒకే ఛానెల్‌లో రెండూ పెడితే ఆ లాభం పోతుంది.

వేసే ముందు పవర్ కేబుల్ పీకి, బోర్డు మీద చిన్న లైటు ఆరేదాకా ఆగు. మార్కెట్ దుమ్ము, పత్తి నూగు ఎలాగూ ఉంటాయి, స్లాట్‌లో గాలి కొట్టు. బంగారు పిన్నుల్ని మనవాళ్లు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు, దయచేసి వద్దు. పూత అరుగుతుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

ప్రశ్న (కరీంనగర్ నుంచి)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఈసీసీ లేకుండా మామూలు ర్యామ్ వేస్తే ఏమవుతుంది? మా ఆఫీసులో డెస్క్‌టాప్‌నే సర్వర్‌గా వాడుతున్నాం, ఇప్పటిదాకా ఏం కాలేదు.

జవాబు (హనుమకొండ)

ఏం కాలేదని మీకెలా తెలుస్తుంది సార్, చెప్పే యంత్రాంగమే అందులో లేదు కదా. ఈసీసీలో ప్రతి 64 బిట్లకు 8 బిట్లు అదనంగా ఉంటాయి. ఒక బిట్ తప్పితే అదే సరిచేసి లాగ్‌లో రాస్తుంది. రెండు తప్పితే సరిచేయలేదు కానీ పసిగడుతుంది, మామూలుగా సర్వర్‌ను అక్కడే ఆపేస్తుంది. క్వింటాలు రేటులో ఒక అంకె మారి తక్‌పట్టీ ప్రింట్ అవడం కన్నా సర్వర్ ఆగడమే నయం. డీడీఆర్5 డెస్క్‌టాప్ ర్యామ్ మీద 'ఆన్-డై ఈసీసీ' అని రాస్తారు, దాన్ని నమ్ముకోకండి. అది చిప్ లోపలికే, ప్రాసెసర్ దాకా వచ్చే దారికి కాపలా లేదు.

ప్రశ్న (గోదావరిఖని నుంచి)

మా దగ్గర మే నెల ఎండ మీకు తెలిసిందే. వేడికి ర్యామ్‌లో తప్పులు పెరుగుతాయా అన్నా?

జవాబు (హనుమకొండ)

అందరూ అదే అనుకుంటారు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో వేడి ప్రభావం తక్కువే అని తేలింది. స్టిక్ పాతబడటం, పని భారం ఎక్కువ లెక్కకొచ్చాయి. ఏడాదిలో దాదాపు మూడో వంతు సర్వర్లలో కనీసం ఒక తప్పు కనిపించింది. ఒకసారి తప్పు చూపిన స్టిక్ మళ్లీ చూపే అవకాశం బాగా ఎక్కువని కూడా తేలింది. అయితే అవి డేటా సెంటర్లు, మన గదులు కావు. ర్యామ్ చిప్ 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ (డేటా చెరిగిపోకుండా చిప్ మళ్లీ మళ్లీ రాసుకోవడం) రెట్టింపు చేయాలి. కాబట్టి ఫ్యాన్లు, ఏసీ చూసుకోండి. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నది పోతుంది, దానికి యూపీఎస్సే దిక్కు, ఈసీసీ కాదు.

ప్రశ్న వేసినవారు

అన్నా, 'ఈ' స్టిక్ దొరికింది, 32 జీబీ చూపిస్తోంది. ఈసీసీ నిజంగా పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? మిర్రరింగ్ (ఒకే డేటాను ర్యామ్‌లో రెండు చోట్ల ఉంచడం) కూడా పెట్టమంటారా?

జవాబు (హనుమకొండ)

డీఎంఐడీకోడ్ అనే లినక్స్ కమాండ్‌తో మెమరీ వివరాలు తీయి. టోటల్ విడ్త్ 72, డేటా విడ్త్ 64 అని రావాలి. రెండూ 64 అయితే ఈసీసీ లేనట్టే. తర్వాత రాస్‌డెమన్ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి, సర్వర్ ఆన్ అయినప్పుడల్లా దానంతటదే మొదలయ్యేలా పెట్టు. సరిచేసిన తప్పుల లెక్క స్లాట్ వారీగా అదే రాసిపెడుతుంది. వారానికోసారి చూడు. ఒకటి వచ్చి ఊరుకుంటే కంగారు పడకు. ఒకే స్లాట్‌లో మళ్లీ మళ్లీ వస్తుంటే స్టిక్కులు అటూ ఇటూ మార్చు. తప్పులు స్టిక్ వెంట పోతే స్టిక్ మార్చాలి, స్లాట్‌లోనే ఉండిపోతే బోర్డు సంగతి. బయోస్‌లో పెట్రోల్ స్క్రబ్ ఉంటే ఆన్ చేయి, ఖాళీ సమయంలో మెమరీ అంతా తిరిగి తప్పుల్ని ముందే దిద్దుతుంది.

మిర్రరింగ్ పెద్ద సర్వర్ల సంగతి, కొన్న ర్యామ్‌లో సగం దానికే పోతుంది. ఆ డబ్బుతో రోజూ బ్యాకప్ తీసే ఇంకో డిస్క్ కొనమని సేటుకు చెప్పు.

జవాబు (కాజీపేట నుంచి)

ఆ 'ఆర్' స్టిక్ షాపాయన వాపస్ తీసుకోకపోతే నాకు చెప్పు తమ్ముడూ. మా దగ్గర జియాన్ సిల్వర్ సర్వర్‌లో అలాంటిదే ఒకటి వేయాలి. లేబుల్ ఫోటో పెట్టు. రాత్రంతా మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) నడిపి, ఒక్క తప్పూ రాకపోతే తీసుకుంటా.